చలికి భయపడి వేడర్లు కొనకండి

అక్టోబర్ చివర్లో మా ఊళ్ళో వేట సామాన్లు అమ్మే కొట్టుకు తూటాల కోసం వెళ్ళాను. డబ్బు కట్టే వరుసలో నిలబడి ఉండగా, వెనక అరల దగ్గర అమ్మకందారు ఒక కుర్రాడికి వేడర్ల గురించి, అంటే నీళ్ళలో దిగేందుకు పాదాల నుంచి ఛాతీ దాకా తొడుక్కునే నీరు చొరని దుస్తుల గురించి, చెబుతున్న మాటలు చెవిన పడ్డాయి. "నవంబరు బాతులకా? అయితే ఆలోచించకు. 5 మిల్లీమీటర్ల నియోప్రీన్, బూట్లలో 1600 గ్రాములు. ఇంతకంటే వెచ్చనివి ఎక్కడా దొరకవు." నియోప్రీన్ ఒక రకం రబ్బరు నురగ, గ్రాములు బూటు లోపలి వెచ్చదనపు పొర కొలత. కుర్రాడు సరేనని ఆ పెద్ద పెట్టె ఎత్తుకుని వచ్చి నా వెనకే నిలబడ్డాడు. అమ్మినాయన మోసగాడేమీ కాదు. అమెరికాలోని మా మినసోటాలో ఎవరిని కదిపినా ఇదే సలహా ఇస్తారు. అదే వారంలో ఫార్గోలో ఉండే మా పిన్ని కొడుకు ఫోను చేసి, "అన్నయ్యా, ఈ ఏడు నేనూ బాతుల వేటకు వెళ్తున్నాను. అన్నింటికంటే వెచ్చగా ఉండే వేడర్లు ఏవో చెప్పు చాలు" అన్నాడు. ఫోనులో వాడికి సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

వేట పాపం కదా అనేవాళ్ళతో ఇవాళ వాదం పెట్టుకోను. ఆ చర్చకు వేరే రోజు కావాలి. ఇక్కడ పదహారేళ్ళు నిండిన ప్రతి బాతుల వేటగాడూ ఏటా కొనాల్సిన బాతు స్టాంపు (ఇప్పుడు 25 డాలర్లు) డబ్బు 1934 నుంచి ప్రధానంగా తడినేలలను కొని కాపాడటానికే పోతోందని మాత్రం గుర్తుచేసి ముందుకు వెళ్తాను.

నా అభిప్రాయం ఇది. చలికాలపు వేటకు వేడర్లు ఎంచుకునేటప్పుడు "ఎంత వెచ్చగా ఉంటాయి" అన్నది చివరగా అడగాల్సిన ప్రశ్న. కారు దిగినచోటి నుంచి కూర్చునే చోటికి ఎంత దూరం నడవాలి, అక్కడ నీళ్ళలో నిలబడాలా లేక పొడిగా కూర్చోవచ్చా, బూటులో వేళ్ళు ఆడుతున్నాయా, ఈ మూడూ ముందు తేలాలి. ఇవి తేల్చుకోకుండా మందం చూసి కొన్నవాళ్ళే అందరికంటే ముందు వణుకుతూ ఇంటిదారి పట్టడం నేను చాలాసార్లు చూశాను.

లోపలి నుంచి తడిసేవాళ్ళు

మా వైపు వేట ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. పడమటి మినసోటాలో హిమానీనదాలు కరిగిపోతూ వదిలివెళ్ళిన చిన్న చిన్న మడుగులు లెక్కలేనన్ని. ప్రభుత్వ భూమి అంచున కారు ఆపి, తలకు దీపం కట్టుకుని, నిజం బాతులను దింపడానికి నీళ్ళ మీద వేసే డెకాయ్ బొమ్మల సంచి వీపున వేసుకుని చీకట్లోనే బయలుదేరాలి. ముందు గడ్డినేల, తరువాత తల ఎత్తున పెరిగిన జమ్ము, దాని కింద మోకాలి దాకా బురద. ప్రతి అడుగుకూ ఆ బురద బూటును పట్టుకుంటుంది. మడమ ఎత్తి, పాదం కొంచెం మెలితిప్పి లాగితే చప్పుడుతో వదులుతుంది, మళ్ళీ తరువాతి అడుగు. గాలి మైనస్ 10 డిగ్రీల్లో ఉన్నా, జమ్ము దాటేసరికి టోపీ తీస్తే తల మీంచి ఆవిరి లేస్తుంది.

ఈ నడకను 5 మిల్లీమీటర్ల నియోప్రీన్‌లో నడిస్తే ఏమవుతుంది? నియోప్రీన్ అంటే లోపల మూసుకుపోయిన బుడగలతో నిండిన రబ్బరు నురగ. బయటి నీళ్ళను లోపలికి రానీయదు, లోపలి ఆవిరిని బయటికి పోనీయదు. నడిచినంతసేపూ చెమట ఉన్నితొడుగుల్లోకి ఇంకుతుంది. ఆ తరువాత మూడు నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి. ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, తడి మాత్రం ఎక్కడికీ పోదు. పొడి గాలికంటే నీళ్ళు ఒంటి వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయన్నది మడుగులో పడినవాళ్ళ లెక్క. నూలు బనీను తడిసి వీపుకు అంటుకున్నప్పుడు అంత కాకపోయినా, వేడి వేగంగా పోవడం మాత్రం ఖాయం. మనవాళ్ళలో చాలామంది ఎన్ని పొరలు వేసుకున్నా అడుగున అలవాటుకొద్దీ నూలు బనీను వేస్తారు. దాన్ని ఇంట్లో వదిలేసి రావడం వెయ్యి డాలర్ల వేడర్లు కొన్నంత పని చేస్తుందంటే నవ్వకండి.

నిరుడు ఒక ఉదయం వేట ముగించి కార్ల దగ్గరికి వస్తే, అక్కడ ఒకాయన కొత్త వేడర్లు కారుతున్నాయని మండిపడుతున్నాడు. తిరిగి ఇచ్చేస్తానంటున్నాడు. ఆయనతో వచ్చిన ముసలాయన ఏమీ మాట్లాడకుండా వాటిని నడుము నుంచి కిందికి తిరగేసి, లోపలి అస్తరును అరచేత్తో తడిమి చూశాడు. రెండు తొడలు, రెండు మోకాళ్ళు, రెండు పిక్కలు ఒకేలా చెమ్మగా ఉన్నాయి. "చిల్లు రెండు కాళ్ళకూ ఒకేచోట పడదు నాయనా" అన్నాడు. చిల్లయితే ఒకచోట మచ్చలా తడిసి, అక్కడి నుంచి కిందికి పాకుతుంది. మొత్తం సమానంగా తడిస్తే అది చెమటే. "కారిపోయాయి" అని కొట్టుకు తిరిగి వచ్చే వేడర్లలో ఇలాంటివి ఎన్నుంటాయో అనిపించింది.

అందుకే నడిచి వెళ్ళే వేటకు నా ఓటు గాలాడే గుడ్డతో చేసిన వేడర్లకు. గోర్‌టెక్స్ వంటి పలచని పొరను గట్టి నైలాన్ గుడ్డల మధ్య అతికిస్తారు. నీటి బొట్టు దూరలేనంత సన్నటి రంధ్రాల గుండా ఆవిరి బయటికి వెళ్తుంది. వీటికి సొంతంగా వెచ్చదనం ఉండదు. అదే వీటి సుగుణమని నా వాదన. వెచ్చదనాన్ని మనం సంచిలో మోసుకెళ్ళి, కావలసినప్పుడు తొడుక్కుంటాం. నడిచేటప్పుడు ఒంటికి తగిలే పలచటి మెరినో ఉన్ని చాలు. చేరాక పైన ఫ్లీస్, ఆపైన ఉబ్బుగా ఉండే వెచ్చటి కోటు. అస్తరు విడిగా ఊడివచ్చే వేడర్లయితే సెప్టెంబరు చివరి వారంలోనూ అవే, నవంబరు చివరి వారంలోనూ అవే. నియోప్రీన్‌లో 25 డిగ్రీల సెప్టెంబరు ఉదయం గడిపినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

నియోప్రీన్ గెలిచేచోట

ఇంతవరకు చదివి అర్కాన్సాలోనో లూసియానాలోనో ఉన్న తెలుగు మిత్రులు నవ్వుకుంటూ ఉంటారు. వాళ్ళకు నవ్వే హక్కుంది. అర్కాన్సాలో స్టట్‌గార్ట్ చుట్టుపక్కల, బయూ మిటో వంటిచోట్ల, శీతాకాలంలో నీళ్ళు నిలిచిన ఓక్ అడవుల్లో వేటాడతారు. చెట్టుకు వీపు ఆనించి తొడల దాకా నీళ్ళలో పొద్దుపొడుపు నుంచి నిలబడాలి. పైన మల్లార్డ్ బాతులు తిరుగుతుంటే, కింద బాతులు ఈదుతున్నట్టు కనిపించేందుకు కాలితో నీళ్ళు తన్ని అలలు లేపుతారు. అక్కడికి చాలామంది పడవలో వెళ్తారు కాబట్టి చెమట పట్టే నడక తక్కువ, నీళ్ళలో నిలబడటం ఎక్కువ.

అలాంటిచోట గాలాడే గుడ్డ గొప్పతనం చాలావరకు కొట్టుకుపోతుంది. నీటి మట్టానికి కింద ఉన్న గుడ్డలోంచి ఆవిరి సరిగా పోదు. పైగా నీటి ఒత్తిడికి వదులుగా ఉన్న వేడరు కాలికి అతుక్కుపోయి, లోపలి ఉన్ని పొరల్లోని గాలిని పిండేస్తుంది. వెచ్చదనమంతా ఆ గాలిలోనే ఉంటుంది కదా. నియోప్రీన్ నురగ ఆ లోతులో అంత సులువుగా నలగదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నియోప్రీన్‌కు సూదిమొన చిల్లు పడితే నాలుగు చుక్కలు చెమ్మ దిగుతుంది తప్ప వెచ్చదనం పోదు. గాలాడే గుడ్డకు అదే చిల్లు పడితే లోపలి తొడుగు తడిసి ఆ రోజు వేట ముగిసినట్టే. బీవర్లు కొరికి వదిలిన పుల్లల మొనలు, గట్ల మీద ముళ్ళకంచె, పగిలిన మంచుపలకల అంచులు ఏ కంపెనీ గుడ్డనూ గౌరవించవు.

మరీ చలిలో నా వాదన ఇంకోచోట కూడా సడలుతుంది. మైనస్ 15 దాటాక ఒంటి ఆవిరి గుడ్డను దాటేలోపే దాని లోపలి ముఖం మీద చల్లబడి మంచుపొడిలా పేరుకోవడం చూశాను. ప్రకటనల్లో చూపినట్టు ఆవిరంతా బాణాల్లా బయటికి దూసుకుపోదు. అయినా ఆ పొడిని ఇంటికొచ్చాక దులిపేయొచ్చు, ఒంటికి పూసుకున్న చెమటలా వీపున కూర్చోదు. అంతమేరకు గుడ్డవైపే నిలబడతాను. పడవలో వెళ్ళి పడవలోనే కూర్చునేవాళ్ళు, నీళ్ళలో గంటల తరబడి నిలబడేవాళ్ళు, ఏడాదికి రెండు మూడుసార్లే వెళ్ళేవాళ్ళు మాత్రం నియోప్రీన్ కొంటే నేను తప్పు పట్టను. అది కూడా 5 కాకుండా 3.5 మిల్లీమీటర్లది చూడండి. మోకాలు వంగుతుంది.

పాదం సంగతి

ఇక బూట్లు. ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

బూటు పెట్టె మీద "1600 గ్రాములు" అని చూసి, అంత బరువు దూది లోపల కూరారని చాలామంది అనుకుంటారు. అది బూటు లోపల వేసే థిన్సులేట్ వంటి వెచ్చదనపు పొర ఒక చదరపు మీటరుకు తూగే బరువు. అంటే మందానికి ఒక సూచన, అంతే. ఆ మందం పనిచేయాలంటే దానిలో గాలి ఉండాలి. ఇరుకు బూటులో రెండు జతల ఉన్ని మేజోళ్ళు కూరితే మేజోళ్ళూ నలుగుతాయి, బూటు లోపలి పొరా నలుగుతుంది, కాలికి రక్తం కూడా సరిగా పారదు. 1600 గ్రాముల బూటులో వేళ్ళు మొద్దుబారినవాళ్ళు, "2000 గ్రాములది దొరుకుతుందా" అని వెతుకుతారు! వాళ్ళకు కావలసింది ఒక సైజు పెద్ద బూటు, ఒకే ఒక్క మందపాటి ఉన్ని మేజోడు. వీలైతే సంచిలో ఇంకో పొడి జత. నడక చివర్లో చెమట పట్టిన మేజోళ్ళు మార్చుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. చీకట్లో ఒంటికాలి మీద నిలబడి ఆ పని చేయడం చూసేవాళ్ళకు వినోదంగానే ఉంటుంది, నవ్వుకోనివ్వండి.

మంచు కింద నీళ్ళు గాలి అంత చల్లగా ఉండవు. గాలి మైనస్ 12లో ఉన్నా, నీళ్ళు సున్నాకు కొంచెం పైనే. అయినా పాదాలు గడ్డకట్టేది నీళ్ళలోనే, ఎందుకంటే ఆ నీళ్ళు ఆపకుండా వేడిని మోసుకుపోతూనే ఉంటాయి. కాబట్టి బూటు మీద మరో 200 డాలర్లు పోసే ముందు నీళ్ళలోంచి బయటికి వచ్చే దారి చూడండి. జమ్ములో నిలబెట్టే ఒంటికాలి పీట ఒకటి, పాదాల కింద వేసుకోవడానికి ఒక చెక్కముక్క. ఈ రెండూ కలిపి పాతిక ముప్పై డాలర్లు కావు. కుక్కతో వేటాడేవాళ్ళు దానికోసం చక్కటి వేదిక కొంటారు, తాము మాత్రం మోకాళ్ళ లోతులో నిలబడతారు. నాకు ఇది ఎప్పటికీ అర్థం కాదు.

మేజోడు భాగం మాత్రమే ఉండి, విడిగా బూటు తొడుక్కునే రకం వేడర్లు చేపల వేటకు హాయి. నడకకు పట్టు బాగుంటుంది. కానీ చలిలో వాటి తాళ్ళు గడ్డకట్టుకుపోతాయి, మొద్దుబారిన వేళ్ళతో విప్పడం నరకం. బాతుల వేటకు బూటు అతికి ఉన్నవే మేలు.

కొట్టులో సిగ్గుపడొద్దు

వేడర్లను ఫొటో చూసి ఇంటికి తెప్పించుకోకండి. వేటరోజున వేసుకునే పొరలన్నీ వేసుకుని కొట్టుకు వెళ్ళండి, వాళ్ళు చూస్తే చూడనివ్వండి. తొడుక్కుని కుర్చీ మీదికి ఎక్కి దిగండి. గొంతుక్కూర్చోండి. ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో కాలు ఎత్తి పడవ అంచు దాటుతున్నట్టు ముందుకు వేయండి. తొడల మధ్య కుట్టు బిగుసుకుంటే అక్కడే మొదట విచ్చుకుంటుందని అర్థం. వేడర్లు పాడయ్యేది ఒక్క ముళ్ళకే కాదు, ఆ కుట్టు దగ్గర కూడా.

అమెరికా కొలతల్లో మనవాళ్ళకు ఇంకో చిక్కు. ఛాతీకి, పొట్టకు సరిపోయే సైజు తీసుకుంటే కాలి పొడవు నాలుగైదు అంగుళాలు మిగులుతుంది. ఆ మిగిలిన గుడ్డ మోకాళ్ళ కింద మడతలు పడి, నడిచినప్పుడల్లా ఒకదానికొకటి రాసుకుని అరిగిపోతుంది. నాకు ముందు చిల్లులు పడేది ఎప్పుడూ కాళ్ళ లోపలివైపే. చాలా కంపెనీలు పొట్టి కాళ్ళకు, వెడల్పు నడుముకు "స్టౌట్" అనే సైజు విడిగా చేస్తాయి. అడగడానికి మొహమాటపడకండి. ఆడవాళ్ళ కొలతలకు కుట్టినవి కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. మా ఆవిడ నా పాతవి వేసుకుని ఒక ఉదయం కష్టపడిన తరువాత ఆ విషయం మా ఇంట్లో చర్చకు కూడా రాలేదు, నేరుగా కొనేశాం.

ముందు జిప్పు ఉన్నవి ధర ఎక్కువ. ఫ్లాస్కు నిండా కాఫీ తాగే అలవాటున్న మగవాళ్ళకు ఆ ధర ఎందుకో రెండో గంటలో తెలిసివస్తుంది. నీరు చొరని ఆ జిప్పుకు తరచూ మైనం వంటి కందెన పూయాలి, పళ్ళ మధ్య మంచు చేరితే బలవంతంగా లాగకూడదు.

పడిపోతే

వేడర్లలోకి నీళ్ళు చేరితే మనిషిని ఇనుపగుండులా కిందికి లాగేస్తాయని పాతకాలం నుంచి ఒక భయం ఉంది. నీళ్ళలో నీళ్ళకు బరువుండదు. అసలు ప్రమాదాలు వేరు. మొదటిది, చల్లటి నీరు తగలగానే వచ్చే ఎగశ్వాస. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఇలాంటి చలినీటి మీద ఏళ్ళ తరబడి పరిశోధించి, 1-10-1 అని గుర్తుపెట్టుకోమన్నారు. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్ళు మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు గంట. రెండో ప్రమాదం, గట్టెక్కేటప్పుడు. నీటి మట్టం దాటగానే లోపల చేరిన నీళ్ళన్నీ బరువై కూర్చుంటాయి. నడుముకు బెల్టు బిగించి ఉంటే చేరే నీళ్ళే తగ్గుతాయి. వేడర్లతో పాటు వచ్చే ఆ బెల్టును పెట్టెలోనే వదిలేసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ కూడా వేసుకోవాలి, సీటు కింద పెట్టుకుంటే లాభం లేదు.

నా వాదనకు నేనే వేసుకునే గట్టి ప్రశ్న ఇక్కడుంది. 1940 నవంబర్ 11న, ఆర్మిస్టిస్ డే సెలవునాడు, మినసోటాలో ఉదయం ఎండ వెచ్చగా ఉండటంతో వేటగాళ్ళు పలచటి బట్టలతో మిసిసిపీ నది పాయల్లోని దీవులకు పడవల మీద వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఆకాశం నిండా బాతులు దిగుతుంటే చాలామంది కదల్లేదు. ఆ తరువాత వాన, మంచుతుఫాను, పడవలు ఎక్కలేనంత అలలు. రాష్ట్రంలో చనిపోయిన 49 మందిలో దాదాపు సగం బాతుల వేటగాళ్ళే. వినోనాకు చెందిన మ్యాక్స్ కాన్రాడ్ అనే పైలట్ మర్నాడు చిన్న విమానంలో నది మీద తిరుగుతూ, చిక్కుకుపోయినవాళ్ళకు తిండి, అగ్గిపెట్టెలు డబ్బాల్లో పెట్టి జారవిడిచాడు.

మందపాటి నియోప్రీన్ ఉంటే వాళ్ళలో కొందరు బతికేవాళ్ళేమో. కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. పలచటి వేడర్లు వేసుకుని, అవసరమైన పొరలు ఇంట్లోనే మరిచి వచ్చినవాడికి నా సలహా ప్రాణాంతకం కూడా కావచ్చు. నా పద్ధతి పాటించేవాళ్ళు సంచిని కూడా పాటించాలి. నీళ్ళు చొరని సంచిలో పూర్తి పొడి బట్టల జత, టోపీ, నిప్పు రాజేసే సరంజామా. ఎండ కాస్తున్న రోజున కూడా. ఆ సంచి మోయడం విసుగనిపించేవాళ్ళు నిస్సందేహంగా నియోప్రీన్ కొనుక్కోవాలి, ఈ వ్యాసాన్ని పక్కన పెట్టేయాలి.

ధర, మరమ్మతు

రెండు వందల డాలర్లకు మంచి నియోప్రీన్ వస్తుంది. అతికిన వెచ్చటి బూట్లు, ఊడివచ్చే అస్తరు ఉన్న గాలాడే రకం నాలుగైదు వందల నుంచి మొదలై వెయ్యి దాటుతుంది. ఖరీదైనవాటిలో మనం కొనేది చాలావరకు కంపెనీ ఇచ్చే మరమ్మతు హామీనే. ఏళ్ళు గడిచినా బాగుచేసి పంపేవాళ్ళు ఉన్నారు. కొనేముందు ఆ కాగితం చదవండి, రంగులు తరువాత చూసుకోవచ్చు.

చిన్న చిల్లు ఇంట్లోనే దొరుకుతుంది. చీకటి గదిలో వేడరు లోపల టార్చి పెట్టి నెమ్మదిగా జరిపితే చిల్లు దగ్గర వెలుతురు చుక్క కనబడుతుంది. గాలాడే గుడ్డయితే లోపల వైపు స్పిరిట్ చల్లండి, చిల్లున్నచోట నల్లటి మచ్చ తేలుతుంది. ఆక్వాసీల్ జిగురు చుక్క వేసి రాత్రంతా వదిలేయాలి. వేట అయ్యాక మడతపెట్టి కారు డిక్కీలో పడేయకుండా, బూట్లు పైకి ఉండేలా తలకిందులుగా వేలాడదీయండి. ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు వెళ్ళేముందు బురద, పాచి కడిగి ఆరబెట్టాలి. జీబ్రా ఆల్చిప్పలు మినసోటా చెరువులకు పట్టిన పీడ, వాటిని బూట్ల మీద మనమే మోసుకెళ్ళకూడదు.

తొందర లేనివాళ్ళు జనవరి దాకా ఆగండి. వేటకాలం ముగిశాక కొట్లు మిగిలిన సరుకును తక్కువ ధరకు వదిలించుకుంటాయి. అప్పటికి పొడుగువాళ్ళ సైజులన్నీ అయిపోయి, "స్టౌట్" జతలే అరల్లో మిగిలి ఉంటాయి.